పెర్‌స్పెక్టివ్ సవరణ: ఫోటోలో వాలిన గోడలను నిలబెట్టడం

కెమెరాను వంచి తీయడం వల్ల ఫోటోలో ఒకదాని వైపు ఒకటి వాలిన గీతలను, తీసిన తర్వాత కంప్యూటర్‌లోనో ఫోన్‌లోనో సాఫ్ట్‌వేర్ సాయంతో మళ్లీ సమాంతరంగా తేవడాన్ని పెర్‌స్పెక్టివ్ సవరణ అంటారు. ఎత్తైన భవనం ముందు నిలబడి, శిఖరం కూడా ఫ్రేములో పడాలని కెమెరాను పైకెత్తి తీసిన ఫోటోలో గోడలు పైకి పోయేకొద్దీ దగ్గరవుతాయి, కట్టడం వెనక్కి పడిపోతున్నట్టు ఉంటుంది. దీన్ని లెన్సు లోపమని చాలామంది అనుకుంటారు. లెన్సు తప్పేమీ లేదు. సెన్సర్ గోడకు సమాంతరంగా ఉన్నంతసేపు గోడ మీది సమాంతర గీతలు ఫోటోలోనూ సమాంతరంగానే పడతాయి. సెన్సర్ వెనక్కి వాలితే, అది చూస్తున్న దిశలో గోడ పైభాగం కింది భాగం కన్నా దూరమవుతుంది, కాబట్టి చిన్నదిగా పడుతుంది. లెన్సే లేని సూదిబెజ్జం కెమెరాతో తీసినా ఇదే ఫలితం. వైడ్ యాంగిల్ లెన్సు తిన్నని గీతను విల్లులా వంచడం వేరే సంగతి, అది నిజంగానే లెన్సు లోపం, దాని లెక్క వేరు. పెర్‌స్పెక్టివ్ సవరణలో సాఫ్ట్‌వేర్ మార్చేది ఒక్కటే: సెన్సర్ ఏ దిక్కుకు తిరిగి ఉందన్నది. ఫోటో తీసినవాడు నిలబడిన చోటును అది అంగుళం కూడా కదపలేదు. ఈ పనిముట్టు ఎక్కడ నమ్మకంగా పనిచేస్తుంది, ఎక్కడ చేతులెత్తేస్తుంది, ఎక్కడ అబద్ధం ఆడుతుంది అన్న ప్రశ్నలకు జవాబులు దాదాపు అన్నీ ఈ తేడాలోనే ఉన్నాయి.

ముందు ఒక లెక్క చూద్దాం. ఫుల్ ఫ్రేమ్ కెమెరాకు 24 మి.మీ. లెన్సు తగిలించి, అడ్డంగా పట్టుకొని, వీధికి ఇవతలి మేడ మొదటి అంతస్తు నుంచి 20 మీటర్ల దూరంలోని గోడను 20 డిగ్రీలు పైకెత్తి తీశామనుకుందాం. ఫ్రేము పై అంచున పడే గోడ భాగం లెన్సు కన్నా సుమారు 21 మీటర్ల పైన ఉంటుంది, కింది అంచున పడేది 2.3 మీటర్ల కిందన. కెమెరా చూపు దిశలో కొలిస్తే మొదటిది 26 మీటర్ల దూరం, రెండోది 18 మీటర్ల దూరం. అంటే ఒకే వెడల్పున్న రెండు కిటికీల్లో పైది కిందిదానిలో 69 శాతం వెడల్పుతోనే పడుతుంది. ఇంతవరకు ఎవరి కంటికైనా తెలుస్తుంది. అంత సులువుగా తెలియనిది ఎత్తుల సంగతి. ఫోటో పై సగంలో 13.8 మీటర్ల గోడ ఇరుక్కుని ఉంటే, కింది సగంలో ఉన్నది 9.6 మీటర్లే. పైఅంతస్తులు సన్నబడటమే కాదు, పొట్టివి కూడా అయ్యాయి. కాబట్టి పైభాగాన్ని అడ్డంగా మాత్రమే సాగదీస్తే గోడలు నిటారుగా నిలుస్తాయి గానీ భవనం అణగదొక్కినట్టు కురచగా మిగిలిపోతుంది. సరైన సవరణలో ఆ పై అంచు అడ్డంగా 1.3 రెట్లు, నిలువుగా దాదాపు 1.7 రెట్లు సాగాలి. సవరించిన ఫోటో చూసి మేడ పొడవు సాగిందని ఫిర్యాదు చేసేవాళ్లు తరచుగా అంతకుముందున్న కుదింపును గమనించనివాళ్లే.

ఈ జ్యామితి ఫోటోగ్రఫీ కన్నా నాలుగు శతాబ్దాలు పాతది. 15వ శతాబ్దం తొలి దశకాల్లో ఫ్లోరెన్సులో ఫిలిప్పో బ్రునెలెస్కీ అక్కడి బాప్టిస్ట్రీ భవనాన్ని ఒక పలక మీద చిత్రించి, పలకకు చేసిన రంధ్రంలోంచి అద్దంలో చూసినప్పుడు బొమ్మా భవనమూ ఒకేలా కనిపించేట్టు చేశాడు. 1435లో లియోన్ బత్తిస్తా అల్బెర్తి చిత్రకళ మీద రాసిన గ్రంథంలో, కంటికీ వస్తువుకూ మధ్య ఉన్న చూపు కిరణాల పిరమిడ్‌ను అడ్డంగా కోసే తలమే చిత్రమని వివరించాడు. పిరమిడ్ కొన కన్ను, కోసే తలం బొమ్మ. కొన మారితే పిరమిడే మారిపోతుంది, తలాన్ని ఎటు వంచినా పిరమిడ్ అదే. ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్ సిద్ధాంతం మొత్తం ఈ వాక్యంలో ఇమిడిపోతుంది. వాస్తుశిల్పులు తమ చిత్రాల్లో ఆ తలాన్ని నిటారుగా నిలపడం ఆనవాయితీ చేసుకున్నారు, ఫోటోగ్రాఫర్లు వాళ్లను అనుసరించారు. హైదరాబాదు ఆరో నిజాం ఆస్థాన ఛాయాచిత్రకారుడు లాలా దీన్ దయాళ్ కాలంలో కట్టడాలను తీయడానికి వాడిన పెద్ద ప్లేటు కెమెరాల్లో చాలావాటికి లెన్సున్న ముందు పలకను పైకి జరిపే వీలుండేది. కెమెరాను వంచకుండా లెన్సును మాత్రం పైకి జరిపితే, ప్లేటు నిటారుగానే ఉండి శిఖరం కూడా ఫ్రేములోకి వస్తుంది. 1960ల మొదట్లో నికాన్ ఇదే పనిని చిన్న కెమెరాలకు తెచ్చిన 35 మి.మీ. షిఫ్ట్ లెన్సును విడుదల చేసింది. 2009లో కానన్ 17 మి.మీ. టిల్ట్ షిఫ్ట్ లెన్సు తెచ్చింది. డార్క్‌రూమ్‌లో కూడా దారి ఉండేది: ఎన్‌లార్జర్ కింద కాగితం పెట్టే బల్లను వాల్చితే, లెన్సుకు దూరమైన వైపు బొమ్మ ఎక్కువ పెద్దదై, వాలిన గీతలు నిటారవుతాయి. వాల్చినప్పుడు ఫోకస్ చెడకుండా లెన్సునూ ఒక నియమం ప్రకారం వంచాలి. ఆ నియమానికి పేరిచ్చినవాడు ఆస్ట్రియా సైనికాధికారి థియోడార్ షైంప్‌ఫ్లుగ్. ఆకాశం నుంచి వాలుగా తీసిన ఫోటోలను పటాలుగా మార్చే పనిలో ఉన్న అతను 1904లో దానికి పేటెంటు తీసుకున్నాడు. ఫోటోను తర్వాత సరిచేయడం డిజిటల్ యుగం పుట్టించిన కొత్త మాయ కాదని చెప్పడానికి ఈ చరిత్ర చాలు.

సాఫ్ట్‌వేర్ లోపల జరిగేది గణితంలో హోమోగ్రఫీ అనే రూపాంతరం. ఒక తలం మీది ప్రతి బిందువునూ మరో తలం మీది బిందువుకు చేర్చే ఈ సూత్రంలో ఎనిమిది స్వతంత్ర సంఖ్యలుంటాయి. ఒక్కో బిందువుకు అడ్డం, నిలువు అని రెండు కొలతలు కాబట్టి, నాలుగు మూలలు చూపిస్తే ఎనిమిదీ తేలిపోతాయి. ఫోటోషాప్‌లోని పెర్‌స్పెక్టివ్ క్రాప్, ఉచితంగా దొరికే గింప్‌లోని పెర్‌స్పెక్టివ్ టూల్, ఫోన్లలో కాగితాన్ని స్కాన్ చేసే యాప్‌లు ఇలా నాలుగు మూలల మీద ఆధారపడతాయి. లైట్‌రూమ్‌లో 2013లో వచ్చిన అప్‌రైట్, ఉచిత సాఫ్ట్‌వేర్ డార్క్‌టేబుల్‌లోని సవరణ విభాగం మరో పద్ధతిని వాడతాయి: ఫోటోలోని తిన్నని గీతలను వెతికి, అవి ఏ బిందువు దగ్గర కలుస్తున్నాయో అంచనా కట్టి, కెమెరా ఎంత వాలి ఉందో లెక్కగట్టి, ఆ మేరకు దాన్ని లెక్కల్లోనే వెనక్కి తిప్పుతాయి. 2016లో అడోబ్, గీతలను వాడేవాడే చూపించే గైడెడ్ పద్ధతిని చేర్చింది, 2019 నాటికి ఐఫోన్ ఫోటోల యాప్‌లోనే నిలువు, అడ్డం సవరణలు వచ్చేశాయి. ఏది వాడినా వరుస మాత్రం తప్పకూడదు. లెన్సు వంచిన గీతలను ముందు తిన్నగా చేసుకోవాలి, ఆ తర్వాతే వాలును సరిచేయాలి. హోమోగ్రఫీ తిన్నని గీతను తిన్నగానే ఉంచుతుంది కాబట్టి వంపును అది ఎప్పటికీ తీసేయలేదు, వంపు మీద వాలు లెక్క వేస్తే ఆ లెక్కే తప్పుతుంది.

నిలబడిన చోటు మారదన్న మాట ఎంత బరువైనదో తెలియాలంటే చార్మినార్‌ను తీసుకోవచ్చు. 1591 నాటి ఈ కట్టడం ఒక్కో పక్క సుమారు 20 మీటర్లుండే చదరం, నాలుగు మూలలా నాలుగు మీనార్లు. ముందు ముఖానికి 20 మీటర్ల దూరంలో నిలబడి తీస్తే వెనక మీనార్లు 40 మీటర్ల దూరంలో ఉంటాయి, ముందువాటిలో సగం పరిమాణంతో పడతాయి. సాఫ్ట్‌వేర్‌లో నిలువు గీతలను ఎంత చక్కగా నిలబెట్టినా ఆ సగం సగంగానే ఉంటుంది. 100 మీటర్లు వెనక్కి వెళ్లి తీస్తే నిష్పత్తి ఆరింట అయిదు వంతులవుతుంది, నాలుగు మీనార్లూ ఒకే కట్టడానికి చెందినట్టు కనిపిస్తాయి. దగ్గరి నుంచి తీసిన ఫోటోలో మీనారు బాల్కనీల అడుగుభాగాలు కనిపిస్తాయి. సవరణ తర్వాత గోడ ఎదురుగా చూసినట్టు నిటారుగా ఉంటుంది గానీ, బాల్కనీలు మాత్రం కింది నుంచి చూసినట్టే ఉంటాయి. కొన్ని సవరించిన ఫోటోలు ఎందుకు అసహజంగా అనిపిస్తాయో చెప్పలేక చూసేవాళ్లు తికమకపడతారు. కారణం ఈ వైరుధ్యమే. షిఫ్ట్ లెన్సుతో అదే చోటు నుంచి తీసినా ఇదే వైరుధ్యం ఉంటుంది, కాబట్టి నింద సాఫ్ట్‌వేర్ మీద వేయడం న్యాయం కాదు. చార్మినార్ చుట్టూ దుకాణాలూ జనమూ ఉన్న చోట 100 మీటర్లు వెనక్కి పోయి అడ్డులేని చూపు సంపాదించడం తేలిక కాదన్నది నిజమే. అలాంటప్పుడు దగ్గరి నుంచి తీసి సవరించడం తప్పేమీ కాదు, అది దగ్గరి నుంచి తీసిన ఫోటో అన్న సంగతి సవరణతో చెరిగిపోదు, అంతే.

ఇంత కచ్చితమైన గణితం ఉంటే షిఫ్ట్ లెన్సులకు ఇక పనేముందని అడగవచ్చు. రెండూ ఇచ్చే ఆకారం ఒకటే, ఇచ్చే వివరం ఒకటి కాదు. పైన వేసిన లెక్కలో ఫోటో పై అంచున ఉన్న ఒక్కో పిక్సెల్ రెండింటికి పైగా పిక్సెళ్ల చోటును నింపాల్సి వస్తుంది. లేని వివరాన్ని చుట్టుపక్కల పిక్సెళ్ల నుంచి సరాసరి కట్టి పూరిస్తారు. శిల్పాలు, శాసనాలు ఎక్కువగా ఉండేది కట్టడం పైభాగంలోనైతే, సరిగ్గా అక్కడే పదును తగ్గుతుంది. పైగా సవరించిన ఫ్రేము పైన వెడల్పుగా, కింద ఇరుకుగా మారుతుంది, దాన్ని దీర్ఘచతురస్రంగా కత్తిరిస్తే చుట్టూ కొంత భాగం పోతుంది. సవరణ చేస్తామని ముందే తెలిసినవాళ్లు అందుకే శిఖరం పైనా పక్కలా ధారాళంగా ఖాళీ వదిలి తీస్తారు. ఎక్కువ మెగాపిక్సెళ్ల కెమెరాల వల్ల ఈ నష్టం చాలా అవసరాలకు లెక్కలోకి రాదు, గోడంత ముద్రణకు వస్తుంది.

నాలుగు మూలల పద్ధతికి మరో చిక్కు ఉంది, దాన్ని పట్టించుకోనివాళ్లే ఎక్కువ. వాలిన చతుర్భుజాన్ని దీర్ఘచతురస్రంగా మార్చగానే పని అయిపోయిందనిపిస్తుంది. ఆ దీర్ఘచతురస్రం వెడల్పుకు ఎత్తెంత? మూలలు మాత్రమే చూస్తే దీనికి ఒకే జవాబు ఉండదు, లెన్సు ఫోకల్ లెంగ్త్ కూడా తెలియాలి. మైక్రోసాఫ్ట్ రీసెర్చ్‌లో తెల్లబోర్డు ఫోటోల మీద పనిచేసిన జెంగ్‌యూ జాంగ్, లివెయ్ హే, చిత్ర కేంద్రం ఎక్కడుందో తెలిస్తే నాలుగు మూలల నుంచే ఫోకల్ లెంగ్త్‌నూ, బోర్డు అసలు నిష్పత్తినీ రాబట్టవచ్చని చూపారు. ఆ షరతును గమనించాలి: ఫోటోను ముందే ఒక పక్క కత్తిరిస్తే కేంద్రం జరిగిపోతుంది, లెక్క చెడుతుంది. వాట్సాప్‌లో చేతులు మారి వచ్చిన ఫోటోలో ఫోకల్ లెంగ్త్ వంటి కెమెరా వివరాలు సాధారణంగా ఉండవు, దాన్ని ఎవరు ఎంత కత్తిరించారో కూడా తెలియదు. అలాంటి ఫోటో నుంచి కట్టడం నిష్పత్తిని చెప్పబోవడం సాహసం. తెలిసిన కొలత ఏదైనా, ఒక తలుపో ఒక ఇటుక వరుసో, ఫోటోలో ఉంటే మాత్రం దాని ఆధారంగా ఎత్తును సరిదిద్దవచ్చు.

తలాన్ని నిటారుగా తిప్పడానికి చెల్లించే మరో మూల్యం అంచుల దగ్గర కనిపిస్తుంది. గోడలాంటి చదును వస్తువుకు సవరణ నిష్పత్తులన్నీ కాపాడుతుంది, గుండ్రని వస్తువుకు కాపాడదు. చూపు కేంద్రానికి దూరంగా ఉన్న బంతి గుడ్డు ఆకారంలో పడుతుంది, మనిషి తల పక్కకు సాగుతుంది. రఫేల్ 1509 నుంచి 1511 మధ్య వాటికన్‌లో వేసిన ఏథెన్స్ విద్యాపీఠం కుడ్యచిత్రంలో భవనమంతా కఠినమైన పెర్‌స్పెక్టివ్‌లో ఉంది. కుడివైపు ఇద్దరు పట్టుకున్న గోళాలను మాత్రం, సూత్రం ప్రకారం అండాకారంలో వేయాల్సి ఉన్నా, అతను గుండ్రంగానే వేశాడు. సూత్రాన్ని పాటిస్తే కంటికి తప్పుగా తోచే చోట సూత్రాన్ని పక్కన పెట్టాడు. నేటి ఇంజనీర్లు కూడా అదే చేస్తున్నారు. 2019లో గూగుల్ పరిశోధకులు ఫోన్ల వైడ్ యాంగిల్ ఫోటోల కోసం రూపొందించిన పద్ధతి వెనకున్న గోడలకు మామూలు పెర్‌స్పెక్టివ్‌ను, అంచుల్లోని ముఖాలకు స్టీరియోగ్రాఫిక్ అనే మరో ప్రక్షేపాన్ని వాడి, రెండింటినీ అతుకు తెలియకుండా కలుపుతుంది. 18వ శతాబ్దపు రోమ్ చిత్రకారుడు పనీనీ పేరు పెట్టిన ప్రక్షేపం కూడా ఉంది. అది నిలువు గీతలను తిన్నగా ఉంచుతూ, పక్కలకు సాగడాన్ని తగ్గిస్తుంది, కొన్ని అడ్డగీతలు వంగుతాయి. అన్నిటినీ ఒకేసారి కాపాడే ప్రక్షేపం లేదు. దేన్ని వదులుకోవాలో ఎవరో ఒకరు తేల్చాలి.

ఇక్కడ గట్టి అభ్యంతరం ఒకటి వస్తుంది. మన కన్ను మేడను చూసినప్పుడు గోడలు వాలినట్టు అనిపించదు కదా, కాబట్టి పూర్తిగా నిటారుగా చేయడమే సత్యం అంటారు కొందరు. ఇది సగమే నిజం. తల పైకెత్తినప్పుడు కంటి రెటీనా మీద కూడా గీతలు దగ్గరవుతాయి, మెదడు తల ఎంత ఎత్తామో లెక్కలోకి తీసుకుని గోడలను నిటారుగా అర్థం చేసుకుంటుంది. దగ్గరవడాన్ని మెదడు ఎంతగా ఆశిస్తుందో 2007లో పరిశోధకులు కింగ్‌డమ్, యూనెస్సీ, ఘెయోర్గియు చూపిన భ్రమ చెబుతుంది. పీసా వాలు గోపురం ఫోటోనే రెండు నకళ్లు తీసి పక్కపక్కన పెడితే, కుడివైపుది ఎక్కువ వాలినట్టు కనిపిస్తుంది. రెండు సమాంతర గోపురాలు పైకి పోతూ దగ్గరవాలి, ఇవి దగ్గరవడం లేదు కాబట్టి ఇవి విడిపోతున్నాయని మెదడు తేల్చేస్తుంది. కాబట్టి బాగా పైకి చూస్తూ తీసినట్టు తెలిసిపోయే ఫోటోలో గీతలను పూర్తిగా సమాంతరం చేస్తే భవనం పైన వెడల్పయినట్టు అనిపించడంలో ఆశ్చర్యం లేదు. క్యాప్చర్ వన్ సాఫ్ట్‌వేర్ తన సవరణను మొదట 80 శాతం దగ్గర ఆపి ఇవ్వడం ఈ అనుభవం నుంచి వచ్చిందే. అప్‌రైట్‌కు సంబంధించి 2012లో అడోబ్, పోస్టెక్ పరిశోధకులు ప్రచురించిన పత్రం కూడా ఒకే లక్ష్యం పెట్టుకోలేదు. గీతలు ఫ్రేముకు సమాంతరంగా ఉండటం, క్షితిజరేఖ వాలకపోవడం, పెర్‌స్పెక్టివ్ తగ్గడం, చిత్రం అతిగా సాగకపోవడం అనే ప్రమాణాల మధ్య అది రాజీ వెతుకుతుంది. నా అంచనాలో కొద్ది డిగ్రీల వాలును పూర్తిగా తీసేయాలి, ఎందుకంటే అది పొరపాటులా కనిపిస్తుంది. 30 డిగ్రీలు దాటిన వాలును చాలావరకు అలాగే వదిలేయడం మేలు, ఎందుకంటే అది ఎత్తును చెబుతుంది. చిక్కంతా ఆ మధ్యదే.

యంత్రానికి వదిలేస్తే వచ్చే ప్రమాదం మన ప్రాంతంలో మరీ స్పష్టం. అప్‌రైట్ వంటివి నిలువుగా కనిపించే గీతలన్నీ నిజంగా నిలువైనవేనని అనుకుని మొదలుపెడతాయి. ద్రావిడ శైలి గోపురం పునాది నుంచి శిఖరం దాకా ఉద్దేశపూర్వకంగానే లోపలికి వాలుతుంది. దాని అంచులను వాలిన గీతలుగా పొరబడితే సాఫ్ట్‌వేర్ గోపురాన్ని డబ్బాలా చేసేస్తుంది. ఢిల్లీ కుతుబ్ మినార్ అడుగున సుమారు 14 మీటర్ల వ్యాసంతో మొదలై పైన మూడు మీటర్ల లోపుకు సన్నబడుతుంది, అక్కడా ఇదే జరుగుతుంది. పీసా గోపురాన్ని నిటారుగా నిలబెట్టిన సవరణకు ఇక చెప్పేదేముంది. ఇలాంటి చోట గీతలను మనిషే చూపాలి: గోపురం అంచుల జోలికి పోకుండా, కింది అంతస్తు రాతి స్తంభాలనో, ద్వారబంధాలనో, పక్కనున్న దీపస్తంభాన్నో నిలువుకు ప్రమాణంగా పెట్టుకోవాలి.

ఇదంతా ఫోటోను అబద్ధం చేయడమే అనే అభ్యంతరానికి జవాబు దాదాపు పై లెక్కల్లోనే వచ్చింది. హోమోగ్రఫీ కొత్త వస్తువును చేర్చదు, ఉన్నదాన్ని దాచదు, ఏ బిందువు దేని పక్కన ఉందో మార్చదు. వాడిన ఎనిమిది సంఖ్యలూ తెలిస్తే, కత్తిరించిన భాగం మినహా, వెనక్కి తిప్పవచ్చు. షిఫ్ట్ లెన్సుతో తీసినదాన్ని సాక్ష్యంగా ఒప్పుకునేవాళ్లు దీన్ని ఒప్పుకోకపోవడానికి కారణం లేదు. సవరణ తర్వాత ఖాళీగా మిగిలిన మూలలను జనరేటివ్ ఫిల్‌తో పూరించడం మాత్రం వేరే జాతి పని. అక్కడ పుట్టే ఆకాశమూ కార్నిసూ కెమెరా ముందు ఎన్నడూ లేనివి. ఒకే బటన్ నొక్కుడులో రెండూ జరిగిపోతున్న ఈ రోజుల్లో ఆ తేడాను గుర్తుంచుకోవడం పత్రికలవాళ్ల కన్నా కట్టడాలను నమోదు చేసేవాళ్లకు ఎక్కువ అవసరం. ప్రష్యా వాస్తుశిల్పి ఆల్బ్రెక్ట్ మేడెన్‌బావర్ 1858లో వెట్‌స్లార్ చర్చిని కొలుస్తూ పైనుంచి పడబోయి తప్పించుకుని, ఎక్కి కొలిచే బదులు ఫోటోల నుంచే కొలవాలని తలపోశాడు. 1885లో బెర్లిన్‌లో అందుకోసమే ప్రభుత్వ సంస్థ ఏర్పడింది. 2001 మార్చిలో తాలిబన్లు కూల్చిన బామియాన్ బుద్ధుల ఆకృతిని జూరిక్ ఈటీహెచ్ పరిశోధకులు కంప్యూటర్‌లో తిరిగి నిర్మించగలిగింది 1970లో కొలతల కోసం తీసిన ఫోటోల వల్ల. శ్రీకాళహస్తిలో కృష్ణదేవరాయలు 1516లో కట్టించిన రాజగోపురం 2010 మే 26న కూలిపోయింది. ఆ పాత గోపురం ఫోటోలు ఎన్ని ఇళ్లలో ఉంటాయో, వాటిలో చాలావరకు కింద నిలబడి పైకెత్తి తీసినవే అయి ఉంటాయి. అలాంటి ఫోటో కొలతకు పనికిరావాలంటే దాన్ని స్కాన్ చేసేటప్పుడు అంచులతో సహా, కత్తిరించకుండా, వాలిన గీతలను నిలబెట్టకుండా భద్రపరచాలి. సవరించిన నకలును దాని పక్కన వేరే ఫైలుగా ఉంచుకోవచ్చు, ఏ సాఫ్ట్‌వేర్‌తో ఎంత సవరించారో రాసి పెట్టుకోవచ్చు.